తుపాకి గలవారికి గుఱిస్థలమేది?

(తుపాకి లైసెన్సుదారుల సభయందు చేసిన యుపన్యాసము)



ప్రభుత్వమువారి లైసెన్సు పొంది తుపాకి యుంచుకొన్నవారు ఈ సభయందు పలువురు కలరు. అడవిపందుల బెడద గల మెట్టపొలముల రైతులున్నారు. సైన్యమునుండి విశ్రాంతి పొందివచ్చిన పెద్దలున్నారు. బ్యాంకులకడ కాపలా యుండువారున్నారు. తండ్రిగారి తుపాకి వారసత్వముగా సంక్రమించిన గృహస్థులును, ఇల్లాండ్రును ఉన్నారు. మీ యందఱిని మేమడుగదలచిన ప్రశ్న యొక్కటే. గడచిన సంవత్సరములో, చట్టప్రకారము ఏర్పడిన గుఱిస్థలమునకు బోయి, తెలిసినవారి పర్యవేక్షణలో, ఒక్క తూటాయైనను గుఱిచూచి కాల్చినవారు మీలో నెందఱు?

ఈ ప్రశ్నకు చేతులెత్తువారు మిక్కిలి స్వల్పముగా నుందురని మేమెఱుగుదుము. ఇందు మీ దోషమంతగా లేదు. గుఱిస్థలమెక్కడ నున్నదో మీకు చెప్పినవారు లేరు. మీవలెనే తుపాకి గల పొరుగూరివానితో మీకు పరిచయము లేదు. తుపాకి బీరువాలో నున్నది. లైసెన్సు పెట్టెలో నున్నది. ఎన్నికలు వచ్చినపుడు ఠాణాలో నొప్పగించుటకును, గడువు తీఱినపుడు కచేరీచుట్టు తిరుగుటకును మాత్రము ఆ రెండును వెలికి వచ్చుచున్నవి. ఈ స్థితి తుపాకి గలవానికిని మంచిది కాదు, వాని యింటివారికిని మంచిది కాదు, ఊరికిని మంచిది కాదు. దీనిని మార్చుకొను మార్గమును గూర్చియే నేడు మనవి చేయుదుము.

ముందుగా మనకీ లైసెన్సు ఎట్లు వచ్చినదో స్మరింతము. 1878వ సంవత్సరమున లిట్టను ప్రభువు కాలములో ఆయుధముల చట్టము పుట్టినది. భారతీయుడు లైసెన్సు లేక తుపాకి పట్టరాదు. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. పైరును కాచుకొను రైతు దొరతనమువారి దయకై వేచియుండవలసెను; వేటకు వచ్చిన దొర యే పత్రమును లేక తుపాకి భుజమున వైచుకొని పోయెను. ఈ యవమానమును జాతి మఱువలేదు. 1887లో మన మదరాసు నగరముననే జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును సవరింపవలసినదని తీర్మానించెను. 1918లో సైన్యమున జేరుడని గుజరాతు పల్లెలలో తిరిగిన గాంధీమహాత్ముడు, ఒక జాతినంతను నిరాయుధముగా జేసిన యీ చట్టమును బ్రిటిషు పరిపాలనలోని దుష్కృత్యములలో నెల్ల హీనమైనదిగా తన కరపత్రములో నిందించెను. మన మన్యములో 1922 ఆగస్టున అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి గొనిపోయినది ధనము కాదు, తుపాకులును తూటాలును. జాతికి ఆయుధమెంత దూరమైపోయెనో తెలుపుటకు ఆ యొక్క సంఘటనము చాలును.

అయితే ఒక్క విషయము మీరు శ్రద్ధగా గమనింపవలయును. మన పెద్దలు ఆయుధమును కోరినపుడెల్ల దానితోబాటు కట్టుబాటును గూడ కోరిరి. 1930 జనవరిలో మహాత్ముడు వైస్రాయి ముందుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సు లిచ్చుటయు నొకటి. కాని ఆ లైసెన్సులు ప్రజల యదుపునకు లోబడి యుండవలయునని యందులోనే చెప్పెను. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో ఆయుధధారణమును పౌరుని హక్కుగా జేర్చెను. అదియు నియమములకును పరిమితులకును లోబడినదే. అహింసను వ్రతముగా గొన్నవారే ఈ కోరికను వ్రాసిరనిన, వారి యుద్దేశము రక్తపాతము కాదనుట స్పష్టము. తన్ను తాను నమ్ముకొని, తన పొరుగువారి నమ్మకమును గూడ చూఱగొన్న పౌరుడు వారికి కావలసెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఏమైనది? 1948 డిసెంబరున రాజ్యాంగ సభలో హెచ్. వి. కామతుగారు కరాచీ తీర్మానమును స్మరించి, ఆయుధధారణమును ప్రాథమిక హక్కులలో జేర్పుమని సవరణ ప్రతిపాదించిరి. డాక్టరు అంబేద్కరుగారు సమ్మతింపలేదు. సభయు దానిని త్రోసిపుచ్చెను. కాబట్టి నేడు మన దేశమున తుపాకి ప్రాథమిక హక్కు కాదు. రాజ్యాంగపు 19వ అధికరణము మనకిచ్చినవి వేఱు రెండు హక్కులు. శాంతియుతముగా, నిరాయుధులై సమావేశమగు హక్కు ఒకటి. సంఘములను స్థాపించుకొను హక్కు రెండవది. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఇందులో గొప్ప యుపదేశము కనబడుచున్నది. తుపాకిని రాజ్యాంగము కాపాడదు, సాంగత్యమును కాపాడును. కనుక తుపాకి గలవారు తమ గౌరవమును నిలుపుకొనదలతురేని సంఘముగా నేర్పడుటయే వారికి దారి.

1878 నాటి చట్టము పోయి, 1959లో స్వతంత్ర పార్లమెంటు చేసిన ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టముననే గుఱిసంఘములకు చోటు కలదు. ఒకడు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను 2019 నాటి సవరణ మూడునుండి రెండునకు తగ్గించినది. కాని గుర్తింపు పొందిన రైఫిలు సంఘపు సభ్యుడు గుఱి యభ్యాసమునకై వాడు.22 రైఫిలునకును, గాలి రైఫిలునకును ఆ పరిమితి వర్తింపదని చట్టమే చెప్పుచున్నది. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లయినదియు ఆ సవరణచేతనే. 2016 నాటి నియమములు లైసెన్సు కోరువానికి సురక్షా శిక్షణమును విధించినవి. శాసనకర్త హృదయము దీనినిబట్టి తెలియుచున్నది: తుపాకి యుండుటకంటె తుపాకి తెలిసియుండుట ముఖ్యము.

ఇట్లుండగా అభ్యాసమును చెఱువుగట్టునను మామిడితోటలోను చేయువారు కలరు. వారికి మేము చేతులు జోడించి చెప్పునది, మానుకొనుడని. అతి చిన్నదైన .22 తూటాయే ఒక మైలునకు మించి పోగలదు. చెఱువునీటిపై బడిన గుండు ఎగిరి దిక్కుమారి పోవును. తోట కావల పశువులగాయు పిల్లవాడున్నాడో లేడో మీరెఱుగరు. ఇక పెండ్లియూరేగింపులలోను జాతరలలోను ఆకాశమువైపు కాల్చు డాబును గూర్చి చెప్పవలసిన పనియే లేదు. పైకి బోయిన గుండు క్రిందికి రాక మానదు. ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు అట్లు కాల్చినవానికి రెండేండ్లవఱకు ఖైదుగాని, లక్షరూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019 సవరణ శాసించినది. రైతు సోదరులకు ఇంకొక మాట. పైరు కాచుకొనుటకై పొందిన లైసెన్సు వేటకు అనుమతి కాదు. అడవి జంతువును కొట్టవలెననిన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద వేఱుగా అధికారుల యుత్తరువు కావలయును.

మఱి గుఱిస్థలమును వెదకుటెట్లు? జిల్లా పోలీసు కార్యాలయమున విచారించుడు. లైసెన్సులను చూచు గుమాస్తాకు సాధారణముగా తెలిసియుండును. రాష్ట్ర రైఫిలు సంఘమునకు వ్రాయుడు. ఏ పట్టణమున ఏ సంఘము తమతో జేరియున్నదో వారు తెలుపగలరు. లైసెన్సుగల తుపాకి వర్తకు నడుగుడు. గుఱి యభ్యాసము చేయువారెల్ల తూటాలకై యాతనికడకే రావలయును గదా. ఎన్. సి. సి. గల కళాశాలలలో ఉపాధ్యాయుల నడుగుడు. తెలంగాణమున హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రభుత్వ గుఱిస్థలము కలదు. పట్టణములలో పది మీటర్ల గాలి తుపాకుల శాలలు ప్రైవేటువారివియు వెలసినవి.

గుఱిస్థలములన్నియు ఒక్క తీరువి కావు. పది మీటర్లది చావడివంటి మందిరములో నిమిడిపోవును. అందు గాలి రైఫిలు, గాలి పిస్తోలు మాత్రమే. ఇరువదియైదు మీటర్లది పిస్తోలునకు, ఏబది మీటర్లది .22 రైఫిలునకు. ఎగురు మట్టిపళ్ళెములను కొట్టు జంటగొట్టపు తుపాకికి విశాలమైన బయలు కావలయును. మీ తుపాకి ఎట్టిదో అచ్చటి స్థలమెట్టిదో ముందుగా విచారింపక, పది మీటర్ల శాలకు పండ్రెండు బోరు తుపాకి మోసికొనిపోయి తిరిగి వచ్చుట వృథాశ్రమ. పోవునపుడు తుపాకి ఖాళీగా, ఒఱలో మూసి, లైసెన్సుతోగూడ తీసికొనిపోవలయును.

అచ్చట చేరుటకు ముందు మీరు చూడవలసినవి కొన్ని కలవు. ఆ స్థలమునకు లైసెన్సున్నదా? గుఱిపలక వెనుక గుండునాపు కట్ట యున్నదా? కాల్చు వరుసపై ఆజ్ఞలిచ్చు అధికారి యొకడున్నాడా? ఆయన "ఆపుడు" అనగానే ధనవంతుడును పేదయు, అధికారియు సామాన్యుడును ఒక్క క్షణమున తుపాకి దించుచున్నారా? చెవిమూతలు, కంటద్దములు లేక కాల్చనిత్తురా? ఈ ప్రశ్నలలో నొక్కదానికి తృప్తికరమైన సమాధానము రాకున్నను, ఆ చోటు ఎంత దగ్గఱయైనను, రుసుము ఎంత తక్కువయైనను, విడిచి రండు.

గుఱిస్థలమున మొదట నేర్పునవి నాలుగు సూత్రములు. ప్రతి తుపాకిలోను తూటా యున్నట్లే యెంచుము. నీవు కొట్టదలపనిదానివైపు గొట్టము త్రిప్పకుము. గుఱి కుదురువఱకు వ్రేలు మీటపై నుంచకుము. గుఱినే కాక, దాని వెనుక నేమున్నదో తెలిసికొనుము. ఈ నాలుగును విన్నమాత్రమున వచ్చునవి కావు. చేతికి అలవాటు కావలయును. ఇంటిలో పిల్లవాని చేతికి చిక్కిన తుపాకియు, తుడుచుచుండగా ప్రేలిన తుపాకియు ఎన్ని సంసారములను కూల్చినవో న్యాయస్థానపు కాగితములను చూచువారికి తెలియును. ప్రతి పర్యాయమును ఆ తండ్రి చెప్పు మాట యొక్కటే: "ఖాళీ యనుకొన్నాను." ఆ యనుకొనుటను మాన్పించుటయే గుఱిస్థలపు ప్రథమ ప్రయోజనము.

ఇక రెండవ ప్రయోజనము సాంగత్యము. తుపాకి గలవా డొంటరిగా నుండరాదని మా దృఢమైన విశ్వాసము. నెలకొకమాఱు కలియు పదిమంది సంఘమున్నచో ఎన్ని కార్యములు చక్కబడునో చూడుడు. లైసెన్సు గడువు తీఱనున్నదని ఒకరికొకరు గుర్తుచేయుదురు. భర్త గతింపగా ఇంట మిగిలిన తుపాకి నేమి చేయవలయునో తెలియక భయపడుచున్న తల్లికి, లైసెన్సుగల వర్తకునికడనో ఠాణాలోనో దానిని భద్రపఱచు విధము చెప్పి తోడు పోదురు. చూపు మందగించిన పెద్దమనిషికి, "మామగారూ, ఇక చాలించి అబ్బాయి పేర దరఖాస్తు పెట్టింపుడు" అని చెప్పగల చనువు సంఘములోని మిత్రునికే యుండును. పరాయివాడు చెప్పిన నవమానము, అధికారి చెప్పిన నాగ్రహము.

మఱియొకటి చెప్పక తప్పదు. అప్పులచేతనో, సంతానవియోగముచేతనో, వ్యాధిచేతనో మనస్సు చెదరినవాని యింట తుపాకి యుండుట మహాపాయకరము. ఆ సంగతి యింటివారు దాచుదురు, ఊరివారు ఎఱుగరు. ప్రతినెలయు గుఱిస్థలమున ప్రక్కన నిలిచి కాల్చిన మిత్రుడు వాని మొగమును చూచి గ్రహింపగలడు. "కొన్నాళ్ళు తుపాకిని వర్తకునికడ నుంచుదము, రమ్ము" అని చేయి పట్టుకొని తీసికొనిపోగలడు. ఒక్క ప్రాణము ఇట్లు నిలిచినను ఆ సంఘము పుట్టిన ఫలము దక్కినట్లే.

స్నేహము పేర చట్టమును మాత్రము మఱువరాదు. మిత్రుడు కదా యని మీ తుపాకిని వానికి అరువిచ్చి పంపరాదు. లైసెన్సుదారుని సమక్షమున గాని, వ్రాతపూర్వకమైన యనుమతితో గాని, మరమ్మతునకో, లైసెన్సు పునరుద్ధరణమునకో, ఆ లైసెన్సుదారుడే వాడుకొనుటకో తీసికొనిపోవుటకు మాత్రమే చట్టము వేఱొకనికి వీలిచ్చినది. మిగులు తూటాలను పంచుకొనుట, లెక్క తప్పుట, ఇరువది యొక్క యేండ్లు నిండనివాని చేతికి శిక్షణ నియమములకు వెలిగా తుపాకి నిచ్చుట, ఇవి స్నేహములు కావు, నేరములు.

తుపాకి గలవారు గుంపుగూడిన ఊరు భయపడదా యని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మన సీమలలో ముఠాకక్షలవలన ఎన్ని పల్లెలు పాడుపడినవో మనమెఱుగనిది కాదు. అందుచేతనే ఈ సంఘము ఒక కులమునకుగాని, ఒక పక్షమునకుగాని, ఒక కుటుంబమునకుగాని చెందినది కారాదు. దీని పట్టిక తెఱచియుండవలయును; దీని సభకు ఠాణా యధికారిని పిలువవలయును; స్త్రీలకు సమానస్థానముండవలయును. సభకు నిరాయుధులై రావలయును, గుఱిస్థలమునకు మాత్రమే తుపాకి తేవలయును. ఈ విధముగా నడచు సంఘమును చూచి ఊరు భయపడదు. చీకటిలో, ఎవరికిని తెలియక యుంచుకొన్న ఆయుధమును చూచియే భయపడును.

దీనికి నిదర్శనము దూరమున లేదు. కర్ణాటకములోని కొడగుదేశమును చూడుడు. కొడవజాతివారికిని, అచ్చటి జమ్మా భూములవారికిని ఆయుధముల చట్టపు లైసెన్సునుండి బ్రిటిషువారి కాలమునుండియు మినహాయింపు కలదు. కేంద్రప్రభుత్వము 2019లో దానిని 2029వఱకు పొడిగించినది; సవాలు చేయబడగా 2021లో కర్ణాటక హైకోర్టు దానిని సమర్థించినది. అచ్చట తుపాకి దాగియుండదు. కైల్‌పొళుదు పండుగనాడు ఆయుధములను పుష్పములతో నలంకరించి పూజింతురు. ఊరివారందఱు చూచుచుండగా ఎత్తుననుంచిన కొబ్బరికాయను గుఱిచూచి కొట్టుటలో పందెములు జరుగును. పదిమంది కన్నుల యెదుట నుండు ఆయుధమునకు పదిమంది కన్నులే కావలి.

గుఱిపందెమును క్రీడగా తీర్చిదిద్దుటయు మన స్వరాజ్యపు తొలినాళ్ళ పనియే. లోకసభకు మొదటి సభాపతియైన గణేశ వాసుదేవ మావలంకరుగారు 1951లో భారత జాతీయ రైఫిలు సంఘమును స్థాపించి, దానికి తొలి యధ్యక్షులైరి. నేటికిని ఆయన పేర దేశమంతట పందెములు జరుగుచున్నవి. ఆ నాడు నాటిన విత్తనము ఫలించుటకు అర్ధశతాబ్దము పట్టినది. 2004లో ఏథెన్సున రాజ్యవర్ధన సింగు రాథోడు రజతమును, 2008లో బీజింగున అభినవ బింద్రా స్వర్ణమును గెలిచిరి. 2012లో లండనున మన హైదరాబాదున పెరిగిన గగన్ నారంగు కాంస్యము గొనివచ్చెను. 2023లో హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగు ఇరువదియైదు మీటర్ల పిస్తోలు జట్టుతో స్వర్ణమును, ఒంటరి పందెమున రజతమును సాధించెను. పది మీటర్ల గాలి రైఫిలు పందెములో గుఱిపత్రపు నడిమి చుక్క అరమిల్లీమీటరు మాత్రమే. దానిని కొట్టుటకు కండబలము చాలదు. ఊపిరిని, గుండెను, కోపమును అదుపులో నుంచుకొనవలయును. మన జిల్లా బాలబాలికలలో అట్టివారు లేరా? ఉన్నారు. వారికి చోటు లేదు.

కాబట్టి మా సూచన యిది. ఏబది మీటర్ల గుఱిస్థలమునకై ఇప్పుడే భూమి వెదకుచు ఏండ్లు గడపవలదు. ముందుగా పది మీటర్ల గాలి తుపాకుల శాల నొకదానిని ఏర్పఱచుకొందము. .177 బోరునకు మించక, ఇరువది జౌళ్ళకు లోబడిన శక్తిగల గాలి తుపాకికి లైసెన్సు అక్కఱలేదు. కావున లైసెన్సులేని యువకులును నేర్చుకొనవచ్చును. సెలవుదినములలో ఒక పాఠశాల మందిరము దొరకిన చాలును. గోడకు తగిన యడ్డుపలకలు, రెండు రైఫిళ్ళు, ఒక పిస్తోలు, ఆజ్ఞలిచ్చుటకు సైన్యమున పనిచేసిన పెద్ద యొకరు, పట్టిక వ్రాయుటకు ఒక పుస్తకము. సంఘమును చట్టప్రకారము రిజిస్టరు చేయించి, రాష్ట్ర సంఘముతో జేర్చి, గుఱిస్థలపు టనుమతికై దరఖాస్తు పెట్టుదము. వ్రాతపని మేము ఉచితముగా జేసి పెట్టుదుము. పెద్ద తుపాకుల యభ్యాసమునకు, శాల నిలదొక్కుకొనువఱకు, మూడునెలల కొకమాఱు అందఱము గలసి అనుమతిగల గుఱిస్థలమునకు ప్రయాణము చేయుదము. ఒక్కొక్కరు పోవుటకు బరువైన వ్యయము పదిమంది పంచుకొనిన తేలికయగును.

మహాశయులారా, దేశమునకు ఆయుధము నిరాకరించిన దొరలు, భారతీయుడు తుపాకి పట్టిన విచ్చలవిడిగా నుండునని సాకు చెప్పిరి. ఆ మాట యసత్యమని వాదములతో చూపు కాలము గడచినది. నడవడితో చూపవలసిన కాలమిది. తుపాకిని ఎన్నడెత్తవలయునో యెఱుగుట సులభము, ఎన్నడు దింపవలయునో యెఱుగుట కష్టము. ఆ కష్టమైన విద్య ఒంటరిగా రాదు. గుఱిస్థలమున, మిత్రుల ప్రక్కన, ఆజ్ఞకు లోబడి నిలిచినపుడే యలవడును. మీలో పదిమంది నేడు పేరులిచ్చిన చాలును. వచ్చు నెలలోనే మొదటి గుఱిపలక నిలువబెట్టుదము.